తగ్గిపోయిన పది నిమిషాలు: మన పెద్దవాళ్ళ మాట ఎవరు నమ్ముతారు?

మా పెదనాన్నకు ఆ రోజు జరిగింది పది నిమిషాల ముచ్చట. తెనాలి–రేపల్లె రైలు దారి పక్కన ఒక ఊళ్ళో మినుము పీకే రోజులు. పన్నెండింటికి గట్టు మీద క్యారేజీలు విప్పారు. కుడిచేత్తో ముద్ద కలుపుతున్న మనిషి కలుపుతూనే ఆగిపోయాడు. చెయ్యి గిన్నెలోనే ఉంది, పైకి లేవడం లేదు. "ఏందయ్యా?" అని పెద్దమ్మ అడిగితే ఏదో అన్నాడు గానీ మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకు జారినట్టు కనిపించిందని పెద్దమ్మ తర్వాత చెప్పింది. అవతలి గట్టు మీద నుంచి ఆసామి కేకేశాడు: "పొద్దున్నే ఏసుకొచ్చాడా ఏంది?" నలుగురూ నవ్వారు. పెదనాన్న చర్చి సంఘంలో పెద్ద. జీవితంలో మందు ముట్టని మనిషి. మంచినీళ్ళు తాగించి చెట్టు నీడన కూచోబెట్టేసరికి చెయ్యి లేచింది, మాట వచ్చింది. ఆ పూట పని కూడా చేసే ఇంటికొచ్చాడు.

సాయంత్రం ఆర్‌ఎంపీ వచ్చి నీరసమని బలానికి ఒక ఇంజెక్షన్ చేసి వెళ్ళాడు. మర్నాడు పెద్దమ్మ పట్టుబట్టి పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. "చెయ్యెత్తు" అన్నారు, ఎత్తాడు. "పేరు చెప్పు" అన్నారు, చెప్పాడు. "బాగానే ఉన్నావుగా, ఎండకి కళ్ళు తిరిగుంటాయి" అని గ్యాస్ మాత్రలు రాశారు. డాక్టరు కుర్చీలోంచి లేవలేదు, చెయ్యి పట్టుకుని చూడలేదు. మూడో రోజు తెల్లవారుజామున పెదనాన్న మంచం మీద నుంచి లేవబోయి పడిపోయాడు. కుడి పక్క మొత్తం పోయింది. మాట మళ్ళీ రాలేదు.

ఆ పొలం గట్టు మీది పది నిమిషాలకు వైద్యంలో ఒక పేరు ఉంది. మినీ స్ట్రోక్ అంటారు, డాక్టర్ల భాషలో టీఐఏ. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో చిన్న గడ్డ అడ్డుపడుతుంది. ఆ నాళం రక్తం అందించే భాగం ఏ పని చేయిస్తుందో ఆ పని ఆగిపోతుంది. కాసేపటికి గడ్డ దానంతటదే కరిగిపోతే, లేదా జరిగిపోతే, మనిషి మామూలవుతాడు. ఎక్కువమందిలో ఇదంతా గంటలోపే అయిపోతుంది. 24 గంటలలోపు తగ్గితే మినీ స్ట్రోక్ అనే పాత లెక్క ఉండేది. ఎంఆర్ఐలు వచ్చాక, పైకి తగ్గినట్టు కనిపించినవాళ్ళలో కొందరికి లోపల మెదడు కణజాలం అప్పటికే చచ్చిపోయి ఉంటుందని తెలిసి ఆ గడియారం లెక్కను వదిలేశారు.

తగ్గిందంటే గండం గడిచిందని మనం అనుకుంటాం. లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. సరైన వైద్యం అందకపోతే ప్రతి 10 మందిలో ఒకరికి, కొన్ని పరిశీలనల్లో అంతకంటే ఎక్కువ మందికి, మూడు నెలల్లో పూర్తి స్థాయి స్ట్రోక్ వస్తుంది. అలా వచ్చేవాటిలో దాదాపు సగం మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఉంది. మినీ స్ట్రోక్, చిన్నపాటి స్ట్రోక్ వచ్చినవాళ్ళను రోజుల తరబడి తిప్పకుండా అదే రోజు చూసి, అదే రోజు మందులు మొదలుపెట్టారు. 90 రోజుల్లో మళ్ళీ స్ట్రోక్ రావడం 10.3 శాతం నుంచి 2.1 శాతానికి పడిపోయింది. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, బీపీ మాత్రలు, కొలెస్టరాల్ మాత్రలు – ఏ మందుల షాపులోనైనా దొరికేవే. మారిందల్లా, ఎంత తొందరగా చూశారన్నదే.

అంటే మా పెదనాన్నకు ఒకటిన్నర రోజుకు పైగా గడువు దొరికింది. ఆ గడువును వృథా చేసింది ఎవరు? ఇంటివాళ్ళకు తెలియకపోవడం ఒక కారణం, దాన్ని దాచను. కానీ పెద్దమ్మ ఆసుపత్రిదాకా వెళ్ళింది. చూసింది చూసినట్టు చెప్పింది. అక్కడ ఆమె మాట ఆగిపోయింది.

ఈ జబ్బుకున్న విచిత్రం అది. గుండెనొప్పికి ఈసీజీలో గీతలు పడతాయి. విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనబడుతుంది. మినీ స్ట్రోక్ వచ్చిన మనిషి డాక్టరు ముందుకొచ్చేసరికి చాలాసార్లు చూపించడానికి ఏమీ మిగలదు. సీటీ స్కాన్ కూడా మామూలుగానే ఉండవచ్చు. మిగిలేది సాక్ష్యం ఒక్కటే: ఏం జరిగింది, ఏ చెయ్యి, ఎంతసేపు, మాట ఎలా వచ్చింది. రోగి చెప్పాలి, పక్కనున్నవాళ్ళు చెప్పాలి, డాక్టరు నమ్మాలి. ఒక కూలి మనిషి, అందులోనూ వాడ నుంచి వచ్చిన ముసలావిడ చెప్పే మాటకు మన దగ్గర ఎంత విలువ ఉందో ఈ వ్యాసం చదివేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. చనిపోయిన సమయం, దాడి జరిగిన చోటు, దాడి చేసిందెవరన్నది ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందన్నది. రెండూ ఒకటే అని అనడం లేదు. కళ్ళారా చూసినవాళ్ళ మాట చాలకపోవడం మనకు కొత్త కాదు, అంతే.

రెండో సంగతి తాకడం. మినీ స్ట్రోక్ అనుమానం వస్తే డాక్టరు చెయ్యాల్సిన పరీక్ష దూరం నుంచి అయ్యేది కాదు. రెండు చేతులూ పట్టుకుని నెట్టమని బలం చూడాలి. నాడి పట్టుకుని గుండె తాళం తప్పుతోందేమో చూడాలి, ఎందుకంటే తాళం తప్పిన గుండెలో గడ్డలు పుట్టి మెదడుకు వెళతాయి. మెడ మీద స్టెతస్కోపు పెట్టి వినాలి. బీపీ పట్టీ కట్టాలి, వేలు గుచ్చి షుగర్ చూడాలి. బల్ల అవతలి నుంచి "చెయ్యెత్తు" అంటే అయ్యే పరీక్ష కాదది. డాక్టర్లందరూ అలాంటివాళ్ళే అనడం అన్యాయం. ప్రభుత్వాసుపత్రుల్లో ఒక పూటకు వందమందిని చూసే కుర్ర డాక్టర్లకు టైమే ఉండదు. కానీ టైము లేనప్పుడు ఎవరి దగ్గర కోత పడుతుందన్నది కూడా కులం ప్రశ్నే.

మూడోది, అన్నిటికన్నా ప్రమాదకరమైంది, ఆ ఆసామి కేక. మాట ముద్దగా రావడం, అడుగు తూలడం, మూతి వంకర పోవడం, చేతిలో వస్తువు జారిపోవడం – ఇవే స్ట్రోక్ లక్షణాలు, ఇవే తాగినవాడి లక్షణాలని లోకం అనుకునేవి. అదే స్థితిలో తెనాలి బోస్ రోడ్డులో ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన కనిపిస్తే పదిమంది పరిగెత్తుకొస్తారు. వాడ మనిషి కనిపిస్తే తాగి పడ్డాడంటారు. నిజంగా తాగే మనిషి అయితే మరీ ప్రమాదం: తాగుడు బీపీని పెంచుతుంది, స్ట్రోక్ ముప్పును పెంచుతుంది, పైగా ఆ రోజు వచ్చిన స్ట్రోక్‌ను ఎవరూ గుర్తించకుండా కప్పేస్తుంది. తాగినవాడికి కూడా స్ట్రోక్ వస్తుంది. తాగినప్పుడు రెండు చేతులూ తూలుతాయి. ఒక్క పక్కే చచ్చుబడితే అది మందు చేసే పని కాదు.

కాబట్టి గుర్తులు మన మాటల్లో చెప్పుకుందాం. ఉన్నట్టుండి రావడం మొదటి గుర్తు. నెలల తరబడి ఉన్న తిమ్మిరి వేరు, ఈ క్షణం బాగుండి మరుక్షణం పోవడం వేరు. ముఖంలో ఒక పక్క జారడం: పళ్ళు చూపిస్తూ నవ్వమనాలి, పళ్ళు లేని పెద్దవాళ్ళయితే బుగ్గలు ఉబ్బించమనాలి, ఒక పక్క నుంచి గాలి పోతుంది. ఒక చెయ్యి లేదా ఒక కాలు పట్టు తప్పడం: కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాచి పది అంకెలు లెక్కపెట్టమంటే ఒకటి కిందికి దిగిపోతుంది. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకుండా నడిచి రావడం మా వైపు చాలామంది చెప్పే మాట. మాట ముద్దపడటం ఒకటైతే, మాట స్పష్టంగానే ఉన్నా పొంతన లేకుండా ఉండటం, ఎదుటివాళ్ళు చెప్పేది అర్థం కాకపోవడం ఇంకొకటి. ఇంట్లోవాళ్ళు రెండోదాన్ని "మతి చలించింది" అనుకుంటారు. రోజూ చెప్పుకునే ప్రార్థనో, మనవళ్ళ పేర్లో వరసగా చెప్పమంటే తేడా బయటపడుతుంది. ఒక కన్నుకు తెర దించినట్టు చూపు పోయి మళ్ళీ రావడం కూడా మినీ స్ట్రోకే. దాన్ని పెద్దవాళ్ళు శుక్లాలు అనుకుని, కంటి క్యాంపు వచ్చినప్పుడు చూపించుకుందాంలే అని వదిలేస్తారు. నడుస్తూ నడుస్తూ ఒక పక్కకు ఒరిగిపోవడం, వస్తువులు రెండుగా కనబడటం కూడా ఇందులోవే.

ఒట్టి కళ్ళు తిరగడం, స్పృహ తప్పి వెంటనే లేవడం, రెండు చేతులకూ తిమ్మిరెక్కడం చాలాసార్లు వేరే కారణాల వల్ల వస్తాయి. షుగర్ మాత్రలు వాడేవాళ్ళకు షుగర్ పడిపోతే అచ్చం స్ట్రోక్‌లాగే కనబడుతుంది, అందుకే ముందు షుగర్ చూడాలి. అయితే తేల్చాల్సింది ఆసుపత్రిలో. ఇంటి అరుగు మీద కాదు.

అరుగు మీద జరిగేవి కొన్ని ప్రాణం తీస్తాయి. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించేయడం వాటిలో ఒకటి. మెదడుకు వెళ్ళే రక్తం ఇంకా తగ్గి, మినీ స్ట్రోక్ కాస్తా పెద్దదవుతుంది. పావురం రక్తం పూయడం, గాలి సోకిందని తాయెత్తు కట్టించడం దానంతట అవి చంపవు గానీ టైము తినేస్తాయి. ఆస్పిరిన్ గురించి యూట్యూబ్‌లో చూసి వెంటనే మింగించడమూ వద్దు. లక్షణాలు ఇంకా ఉన్నప్పుడు లోపల గడ్డ కట్టిందా, నాళం చిట్లిందా అన్నది సీటీ స్కాన్ తియ్యకుండా చెప్పలేం. చిట్లితే ఆస్పిరిన్ విషమే.

టైము దగ్గరికొస్తే ఊళ్ళ సంగతి మాట్లాడుకోవాలి. లక్షణాలు తగ్గకుండా ఉంటే గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. ఆ గడువు మొదలయ్యేది ఆసుపత్రిలో చీటీ రాయించుకున్నప్పుడు కాదు, మనిషి చివరిసారి బాగున్నాడని ఎవరో ఒకరు చూసినప్పటి నుంచి. రేపల్లె నుంచి తెనాలి సుమారు 35 కిలోమీటర్లు, అక్కడి నుంచి గుంటూరు మరో 25. బాపట్ల నుంచి గుంటూరు 50 దాకా ఉంటుంది. నిజాంపట్నం తీరంలోనో, కొల్లూరు లంకల్లోనో ఉన్నవాళ్ళు మెయిన్ రోడ్డు ఎక్కడమే ఒక ప్రయాణం. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది. రేపల్లె, చుండూరు, కారంచేడు కాగితం మీద దాని కిందికి వచ్చాయి. జబ్బు చేసినవాళ్ళు మాత్రం రేపల్లె నుంచి తెనాలికే, తెనాలి నుంచి గుంటూరు పెద్దాసుపత్రికే పోతున్నారు. కొత్త కలెక్టరేటు వచ్చినంత తొందరగా న్యూరాలజిస్టు రాడు.

వస్తాడని ఆశ పెట్టింది బాపట్ల మెడికల్ కాలేజీ. 2021లో శంకుస్థాపన అయింది. కాలేజీ అంటే ఎంబీబీఎస్ సీట్లు ఒకటే కాదు, దానికి అనుబంధంగా పెద్ద ప్రభుత్వాసుపత్రి, రాత్రీపగలూ సీనియర్ డాక్టర్లు, స్కాన్‌లు. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం బాపట్లతో సహా 10 కొత్త కాలేజీలను పీపీపీ పద్ధతిలో ఇవ్వాలని నిర్ణయించింది. నిధులు లేవు, ఇలాగైతేనే తొందరగా పూర్తవుతాయి అన్నది ప్రభుత్వ వాదన. దీని మీద జరిగే చర్చంతా సీట్ల చుట్టూ, రిజర్వేషన్ల చుట్టూ తిరుగుతోంది. అది అవసరమైన చర్చే. దానితోపాటు వాడల నుంచి వెళ్ళాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది: మంచం మీద చేర్చుకోనక్కర్లేని రోగిని అక్కడ ఎవరు చూస్తారు?

ఎందుకంటే మన కార్డులన్నీ మంచం ఎక్కితేనే పని చేస్తాయి. 70 ఏళ్ళు దాటిన అందరికీ 5 లక్షల ఆయుష్మాన్ వయవందన కార్డును 2024 అక్టోబరు 29న ప్రధాని ప్రారంభించారు. కాకతాళీయంగా అది ప్రపంచ స్ట్రోక్ దినం. ఆ కార్డు ఆసుపత్రిలో చేరితే ఖర్చు భరిస్తుంది. నడుచుకుంటూ వచ్చి, "నిన్న పది నిమిషాలు చెయ్యి పనిచెయ్యలేదు" అనే మనిషి ఓపీ రోగి. అతనికి కావాల్సిన సీటీ, మెడ రక్తనాళాల స్కాన్, ఈసీజీ, రక్త పరీక్షలు బయట చేయించుకుంటే జేబు నుంచే పెట్టాలి. అంటే స్ట్రోక్ రాకముందు కార్డుతో పని లేదు, వచ్చాక పని చేస్తుంది. అది కూడా ఎప్పుడూ కాదు: బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025 అక్టోబరులో ఎన్టీఆర్ వైద్య సేవలు ఆపేసిన రోజులు గుర్తుండే ఉంటాయి.

పెన్షన్ల తీరూ అంతే. 2024 జులై నుంచి వృద్ధాప్య పెన్షన్ 4,000 అయింది, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్ళకు 15,000 ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే, ఇంకా ఇవ్వాలి. కానీ ఆ మనిషిని మంచం పట్టకుండా ఆపే బీపీ మాత్ర ఖరీదు రోజుకు ఒక టీ ఖరీదు కూడా కాదు, పీహెచ్‌సీలో ఉచితం కూడా. నెల మధ్యలో స్టాకు అయిపోతే, "మళ్ళీ వారం రా" అంటే, రోజు కూలి వదులుకుని మళ్ళీ వెళ్ళేవాళ్ళు ఎంతమంది? ఇక మంచం పట్టాక కూడా పెన్షన్ పదిలం కాదు. 2025లో వైకల్య ధ్రువపత్రాలను తిరిగి పరిశీలించి ఆగస్టులో నోటీసులు పంపినప్పుడు, అర్హులమే మొర్రో అని ఎంతోమంది రోడ్డెక్కాల్సి వచ్చింది.

పెద్దవాళ్ళు అన్న మాట దగ్గర కూడా మనం ఆగాలి. పోస్టర్ల మీద 60 దాటినవాళ్ళు జాగ్రత్త అని రాస్తారు, కార్డు 70కి ఇస్తారు. దళిత స్త్రీలు సగటున 39.5 ఏళ్ళకే చనిపోతున్నారని, అగ్రకుల స్త్రీల కంటే ఇది 14.6 ఏళ్ళు తక్కువని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో ఒక నివేదికలో చెప్పింది. తొమ్మిది రాష్ట్రాల సమాచారంతో 2022లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం దళితుల ఆయుర్దాయం అగ్రకుల హిందువుల కంటే మూడేళ్ళకు పైగా తక్కువ. ఆ తొమ్మిదిలో మన రాష్ట్రం లేదు. అయినా 50 ఏళ్ళకే నడుం వంగిన మన నాట్ల కూలీలను చూసినవాళ్ళకు ఆ లెక్క వింతగా అనిపించదు. చుండూరు జరిగిన 1991లో 30 ఏళ్ళున్నవాళ్ళు ఇప్పుడు 65 దగ్గర ఉన్నారు. వాళ్ళ రక్తనాళాలు ఎన్ని భయాలు, ఎన్ని ఎండలు, ఎంత ఉప్పు మోశాయి? పొలానికి పచ్చడి ముద్ద, కూర లేని రోజున ఎండుచేప: చవకగా దొరికే రుచి ఉప్పే. చుట్ట, ఖైనీ పైన చెప్పాలి. 60 ఏళ్ళు వచ్చేదాకా ఆగి బీపీ చూస్తే మన వాడలో సగం కథ అప్పటికే అయిపోయి ఉంటుంది.

2025లో గుంటూరు పక్కనే ఉన్న తురకపాలెంలో నెలల తరబడి వరస చావులు జరిగాయి. సెప్టెంబరులో అది పెద్ద వార్త అయ్యాక గానీ వైద్య బృందాలు ఊళ్ళో మకాం వెయ్యలేదు. అక్కడి జబ్బు వేరు. కానీ మన చావులు లెక్కలోకి రావడానికి ఎంత కాలం పడుతుందో అది చెప్పింది. పక్షవాతం చావులు వరసగా కూడా రావు. ఒక్కో ఇంట్లో ఒక్కొక్కటిగా వస్తాయి కాబట్టి వార్త కూడా కావు.

సంఘాల్లో పనిచేసే మిత్రులు, హాస్టళ్ళలో చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చెయ్యగలిగింది కొంత ఉంది. ఒక బీపీ మిషన్ రెండు వేల లోపు వస్తుంది. అంబేద్కర్ జయంతి ఫ్లెక్సీల ఖర్చులో అది ఎంత? పెన్షన్ ఇచ్చే ఒకటో తారీఖున పెద్దవాళ్ళు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు, అదే రోజు వాడంతా బీపీ చూసి నోటుబుక్కులో రాయొచ్చు. 140 పైన గానీ, 90 పైన గానీ మళ్ళీమళ్ళీ వస్తున్నవాళ్ళను ఏఎన్ఎం దగ్గరికి పంపి, మాత్ర మొదలుపెట్టారా, మానేశారా అని మర్నెల చూడాలి. సమాచార హక్కు కింద తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రులకు మూడే ప్రశ్నలు వెయ్యండి: సీటీ రాత్రి పది తర్వాత నడుస్తుందా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉందా, లేకపోతే రోగిని ఎక్కడికి, ఎన్ని నిమిషాల్లో పంపుతున్నారు? జవాబులు తెప్పించి వాడలో గోడ మీద రాయించండి. ఏ ఆసుపత్రికి పరిగెత్తాలో ఆ రాత్రి వెతుక్కునే పని ఉండదు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు సాక్ష్యం గట్టిగా ఉండాలి. లక్షణం కనబడగానే 108కి ఫోన్ చేసి, రెండో పని టైము రాసుకోండి. ఫోన్ ఉంటే ముఖాన్ని, చేతులను పది సెకన్లు వీడియో తీయండి. తగ్గిపోయాక చూపించడానికి అదొక్కటే మిగులుతుంది, బల్ల అవతల కూర్చున్న మనిషికి మన మాట కంటే అది తొందరగా చెవికెక్కుతుంది. వాడుతున్న మాత్రల అట్టలు సంచిలో వేసుకోండి. అక్కడ "కళ్ళు తిరిగాయి" అని చెప్పకండి, కళ్ళు తిరిగాయంటే గ్యాస్ మాత్రే వస్తుంది. "నిన్న పన్నెండింటికి కుడి చెయ్యి, మూతి, మాట పది నిమిషాలు పోయాయి. మినీ స్ట్రోక్ అని అనుమానం, పరీక్ష చెయ్యండి" అని చెప్పండి. చూడనంటే, "చూశాం, స్ట్రోక్ కాదు" అని చీటీ మీద రాసివ్వమనండి. రాయమనేసరికి చాలామంది కుర్చీలోంచి లేస్తారు.

పెద్దమ్మ ఇప్పుడు వాడలో ఎవరి చెయ్యి కాస్త వణికినా రెండు చేతులూ చాచమంటోంది. పిల్లలు ఆవిణ్ణి ఆటపట్టిస్తారు. మొన్న సంక్రాంతికి పక్కింటి అత్త బియ్యం చెరుగుతుంటే చేట జారిపోయింది. మాట బాగానే ఉంది, ఐదు నిమిషాలకు చెయ్యి కూడా బాగైంది. "తగ్గిందిలే వదినా, పండగ పూట ఆసుపత్రేంది?" అన్నదట. పెద్దమ్మ ఆటో పిలిపించి కూడా ఎక్కింది. సీటీలో ఏమీ కనబడలేదు, నాడి మాత్రం తాళం తప్పుతోందన్నారు. రక్తం పలచబడే మాత్ర, బీపీ మాత్ర రాశారు. అత్త ఈ వారం మినుము పీకడానికి వెళ్తోంది.